బొమ్మలేసే చేతికి బతుకుదెరువేది?

2009 చలికాలంలో మా జిల్లా కేంద్రంలో గోడలన్నీ మాట్లాడేవి. తెల్లారి లేచి చూస్తే బస్టాండు ప్రహరీ మీద, డిగ్రీ కాలేజీ కాంపౌండు మీద, తాసిల్దారు ఆఫీసు ఎదురుగా కొత్త నినాదం. ఒక్కో అక్షరం మనిషెత్తు. ఎవరు రాసిందీ పోలీసులకు తెల్వకపోయినా మాకు ఎరుకే. తలకట్టు తిప్పిన తీరు చూసి ఇది ఫలానా ఆర్టిస్టు చెయ్యి అని చెప్పేవాళ్ళం. ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గురు నా దగ్గర లోయర్ డ్రాయింగ్ పరీక్షకు తయారైనవాళ్ళే. నేను సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టారును. రాత్రిపూట వాళ్ళకు రంగు డబ్బా పట్టుకున్న పాపం నాకూ ఉన్నది.

ఒక్క సంగతి మాత్రం అప్పుడు ఎవరం బయటికి అనలేదు. ఆ పిల్లలు అన్ని రాత్రులు ఉద్యమానికి ఇచ్చింది ప్రేమతోనే, కాదనను. కాని పగలు పని లేకపోవడం కూడా ఒక కారణమే. అప్పటికే ఊరూరికీ ఫ్లెక్సీ మిషన్ వచ్చింది. షాపు బోర్డు, పెండ్లి స్వాగతం, నాయకుని జన్మదినం, అన్నీ గంటలో అచ్చై చేతికొస్తుంటే కుంచె పట్టినోని కోసం రెండు రోజులు ఆగేదెవరు? పేరు చివర 'ఆర్ట్స్' అని పెట్టుకున్న దుకాణాలు ఒక్కొక్కటే షటరు దించినయి. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. దాని రాజముద్రను గీసింది కూడా మన చేనేత బిడ్డే, కదిరేనిగూడెం నుంచి వచ్చిన ఏలె లక్ష్మణ్. కాని ఆ గోడల మీద రాసిన చేతుల్లో నాకు తెలిసిన ఒకటి ఇప్పుడు ఆటో తోలుతున్నది. ఇంకొకటి ఏటీఎం కాడ కాపలా ఉంటున్నది.

ఈ పాత ముచ్చట ఇప్పుడెందుకు అంటారా? పోయిన నెల నా దగ్గర చదివిన ఒక పిల్లగాడు ఫోన్ చేసిండు. సాలోళ్ళ ఇంటి బిడ్డ. హైదరాబాద్‌లో బీఎఫ్ఏ చేసిండు. మంచి మార్కులు, మంచి చెయ్యి.

'సార్, ఒక ప్రైవేటు కాలేజోళ్ళు గోడకు బొమ్మ ఏయించుకున్రు. ఇరవై దినాలు ఏసిన. రంగులు నేనే కొన్న. ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేరు.'

'కాయితం ఏమన్న రాసుకున్నరా?'

'నోటిమాటే సార్.'

'మరి బిల్లు ఇచ్చినవా?'

'బిల్లంటే ఎట్ల ఇయ్యాలె సార్?'

నాలుగేండ్లు చదివిండు. మనిషి శరీర నిర్మాణం చెప్పిన్రు, రంగుల పొందిక చెప్పిన్రు, యూరప్ కళా ఉద్యమాలు తారీఖులతో సహా బట్టీ పట్టించిన్రు. తన చెమటకు ధర ఎట్లా కట్టాలె, ఆ ధరను కాయితం మీద ఎట్లా పెట్టాలె అన్నది ఒక్క పూట చెప్పినవాళ్ళు లేరు. వడ్రంగి కొడుకు పదేండ్లకే నేర్చుకునే లెక్క ఇది. మన డిగ్రీ పిల్లగానికి ఇరవై మూడేండ్లకు రాలేదు. తప్పు పిల్లగానిదా, చదువుదా?

చదువు మనకు కొత్తది కాదు. నిజాం కాలంలో, 1940లోనే హైదరాబాద్‌లో సర్కారు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ స్కూలు పుట్టింది. అది పెరిగి కాలేజీ అయింది, 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ కిందికి పోయింది, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో భాగమైంది. పేరులోనే గమనించండి, ఆర్ట్స్ పక్కన క్రాఫ్ట్స్ ఉన్నది. బొమ్మ, పనితనం ఒక్క కప్పు కింద ఉండాలని అప్పటివాళ్ళకు సోయి ఉండె. తర్వాత తర్వాత క్రాఫ్ట్ అన్న మాట రాలిపోయింది. ఇవాళ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉన్నది, తెలుగు విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం, శిల్పం ఉన్నయి, మాదాపూర్‌లో 1995 నుంచి నిఫ్ట్ ఉన్నది, కందిలో ఐఐటీ వాళ్ళ డిజైన్ శాఖ ఉన్నది. అన్నీ పట్నం చుట్టూతనే. పోచంపల్లి మగ్గానికి, చేర్యాల రంగుకు, నిర్మల్ కొయ్యకు దగ్గరగా ఒక్కటన్నా ఉన్నదా?

కళను అమ్ముకునుడు నేర్పమంటున్నవా మాస్టారూ అని కొందరు పెద్దలు ముక్కు విరుస్తరు. కళాకారునికి ఆకలి ఉంటేనే బొమ్మ పండుతదని ఒక పాడు నమ్మకం మనలో ఉన్నది. ఇది కడుపు నిండినోళ్ళు పుట్టించిన మాట. మన పెద్దల బతుకులు చూడండి. కాపు రాజయ్య గారు సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టారుగా జీతం తీసుకుంటూనే బోనాలను, బతుకమ్మను దేశం ముందర పెట్టిన్రు. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ గారు బరోడాలో చదివివచ్చి దూరదర్శన్‌లో గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేసిన్రు. తోట వైకుంఠం గారు 'మాభూమి'కి, 'దాసి'కి కళా దర్శకత్వం చేసిన్రు. 'దాసి' సినిమాకు ఆయనకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. వీళ్ళెవరి బొమ్మా జీతం తీసుకున్నందుకు పలచబడలేదు. నెలనెలా పైసలొచ్చే ఒక ఆధారం ఉన్నది కాబట్టే ఎవరి మెప్పుకోసమో కాకుండా తమకు నచ్చిన బొమ్మ వేసుకోగలిగిన్రు. నిలకడైన బతుకుదెరువు అంటే నా లెక్కన ఇదే. ధనవంతుడు కావడం కాదు, వచ్చే నెల కిరాయికి భయపడకుండా బొమ్మ వెయ్యగలగడం.

మరి ఆ ఆధారాలు ఇవాళ ఎక్కడున్నయి?

మొదటిది బడి. నేను అందులోనే బతికిన కాబట్టి గట్టిగ చెప్తున్న. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ తీసి చదవండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలుంటే ఆ బడికి ఆర్ట్ ఎడ్యుకేషన్‌కు ఒక పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాసిపెట్టి ఉన్నది. ఇది ఎవరి దయ కాదు, పార్లమెంటు చేసిన చట్టం. పార్ట్‌టైం అన్న మాటను అడ్డం పెట్టుకుని ఏండ్లకేండ్లు చాలీచాలని గౌరవ వేతనంతో నెట్టుకొస్తున్నరు. గురుకులాలకు 2023లో ఆర్ట్, క్రాఫ్ట్ టీచర్ల పోస్టులు ప్రకటించిన్రు, సంతోషం. మామూలు సర్కారు బడిలో మాత్రం డ్రాయింగ్ మాస్టారు రిటైరైతే ఆ కుర్చీ ఏమైతున్నదో ఒకసారి మీ ఊరి బడికి పోయి అడగండి. నేను రిటైరైన బడిలో నా కుర్చీ ఇప్పటికీ ఖాళీనే. బీరువాలో నా రంగు పెట్టెలు ఎండిపోయినయి. ఉద్యోగ సంఘాల మిత్రులు పీఆర్సీ గురించి అడుగుతున్నరు, అడగాల్సిందే. దాని పక్కన ఈ పోస్టుల మాట కూడా ఒక లైను పెట్టండని నా విన్నపం.

రెండోది మగ్గం. డిజైన్ అనగానే మనవాళ్ళకు ఫ్యాషన్ షో గుర్తుకొస్తది. నాకు ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గుర్తుకొస్తడు. ఒక చీరకు ఆసు పోయాలంటే తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడాలి. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు 1999లో ఆసు యంత్రం తయారుచేసిండు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. పనిచేసే మనిషి దగ్గర కూసుండి, నొప్పి ఎక్కడున్నదో చూసి, దానికి విరుగుడు కనిపెట్టడమే కదా డిజైన్ అంటే? ఈ కథను మన డిజైన్ క్లాసులో మొదటి పాఠంగా ఎందుకు పెట్టకూడదు? విదేశీ కుర్చీ ఎవరు చేసిన్రో చెప్పేముందు ఇది చెప్పాలె.

చేర్యాల నకాషీల తీరు చూసినా అంతే. పటం వేసేటోడు, పటం పట్టుకుని కులపురాణం చెప్పేటోడు, వినే కులం, ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఆధారపడి బతికిన్రు. కథ వినే జనం సినిమాకు, టీవీకి పోయిన్రు. గజాల కొద్దీ పటం వేయించుకునేవాళ్ళు లేకుండా పోయిన్రు. అప్పుడు నకాషీలు ఏం చేసిన్రు? పటాన్ని గోడకు తగిలించుకునే చిన్న బొమ్మగా కత్తిరించిన్రు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మాస్కులు చేసిన్రు. ఏ మేనేజ్‌మెంట్ కాలేజీ చెప్పకుండానే చేసిన్రు. కొందరు నిలబడ్డరు, చాలా కుటుంబాలు ఆ పని విడిచిపెట్టినయి. ఎందుకు నిలబడ్డరు, ఎందుకు విడిచిపెట్టిన్రు అన్నది మన బీఎఫ్ఏ పిల్లలు ఒక సెమిస్టర్ అంతా చేర్యాలలో ఉండి తెలుసుకోవాల్సిన విషయం. ఒకపూట బస్సులో పోయి ఫొటోలు దిగి వచ్చే స్టడీ టూరు కాదు నేను చెప్పేది.

మగ్గం పిల్లలకు ఇప్పుడిప్పుడే కొన్ని తలుపులు తెరుచుకుంటున్నయి, అవి కూడా చెప్పాలె. చేనేత డిప్లొమా కోసం మన పిల్లలు ఇన్నేండ్లు వెంకటగిరి దాకా పోయిన్రు. 2024లో మన దగ్గరనే కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద చేనేత సాంకేతిక సంస్థ మొదలైంది. నిఫ్ట్‌లో కూడా చేతివృత్తులవాళ్ళకు, వాళ్ళ పిల్లలకు వేరుగా ప్రవేశం ఉన్నది. దానికి సర్కారు ఇచ్చే ఆర్టిజన్ గుర్తింపు కార్డు కావాలె. ఈ ముచ్చట పుట్టపాకలోనో గద్వాలలోనో ఎంతమందికి ఎరుక? విద్యార్థి సంఘాలు కాలేజీ గేటు కాడ పంచే కరపత్రాల్లో ఇది ఒకటి పంచితే ఎంత మంచిగుండు! ఫీజులు లక్షల్లో ఉన్నయి కాబట్టి సీటు వచ్చినంత మాత్రాన సరిపోదు, అది ఇంకో కొట్లాట.

ఇక అసలు మాటకు వస్తా, చట్టం మాటకు. మన కళా విద్యార్థికి తన హక్కులేంటివో తెల్వవు. 1957 కాపీరైట్ చట్టం చిన్నదేమీ కాదు గాని, అందులో ఒక పది మాటలు తెలిస్తే చాలు బతుకు మారుతది. పైసలిచ్చి ఒకరు పెయింటింగో, పోర్ట్రెయిటో, ఫొటోనో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే దాని కాపీరైటు వేయించుకున్నోనిదే అవుతది. అంటే వాడు దాన్ని క్యాలెండర్ మీద అచ్చేసుకున్నా నువ్వు అడగలేవు. ఒక్క లైను రాసుకుంటే అడగొచ్చు. హక్కు వేరొకనికి రాసివ్వాలంటే అది రాతపూర్వకంగానే ఉండాలె. ఎన్నేండ్లకో రాయకపోతే అయిదేండ్లకే చెల్లుతది. ఇవన్నీ చట్టంలో ఉన్నయి. నీ బొమ్మను చెడగొట్టి నీ పేరుకు మచ్చ తెస్తే అడిగే హక్కు, కాపీరైటు అమ్మేసినా సరే, నీకే ఉంటది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పాన్ని 1979లో పీకేసి గోదాములో పడేసిన్రు. ఆయన కోర్టుకు పోయిండు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇయ్యమన్నది, అయిదు లక్షలు పరిహారం ఇయ్యమన్నది. కేంద్ర సర్కారు మీద ఒక శిల్పి గెలిచిండు. ఈ కేసు వినని శిల్పకళా విద్యార్థి ఉండవచ్చా?

నేతగాళ్ళకు పనికొచ్చేది డిజైన్ల చట్టం. కొత్త నమూనా గీసినప్పుడు అది బజార్లోకి పోకముందే దరఖాస్తు పెడితే పదేండ్లు, ఆ తర్వాత ఇంకో అయిదేండ్లు రక్షణ ఉంటది. పోచంపల్లి ఇక్కత్‌కు, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు జీఐ గుర్తింపు వచ్చింది నిజమే. కాని జీఐ కాపాడేది పేరును. చిటికి కట్టి నెలరోజులు నేసిన నమూనాను మిషన్ మీద అచ్చేసి, ఏ పేరూ పెట్టకుండా అయిదో వంతు ధరకు అమ్మేటోణ్ణి అది ఆపలేకపోతున్నది. గ్రాఫ్ కాయితం మీద ఆ నమూనా గీసిన మనిషి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉంటేనే కొట్లాడే జాగ దొరుకుతది.

పైసల సంగతి ఇంకా అన్యాయం. కంపెనీకి పనిచేస్తే పదిశాతం టీడీఎస్ కోసి ఇస్తరు. మన పిల్లలు అది కమీషన్ అనుకుని ఊకుంటున్నరు. ఆదాయం తక్కువున్నోడు రిటర్ను వేస్తే ఆ పైసలు తిరిగొస్తయి, ఎవరూ చెప్పరు. జీఎస్టీ అనగానే భయపడి పని వదులుకునేవాళ్ళున్నరు. మామూలుగ సేవలు అందించేటోనికి ఏడాదికి 20 లక్షల దాకా ఆ రిజిస్ట్రేషనే అక్కరలేదు. అన్నిటికంటె పెద్దది 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం. ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకుంటే ఒక్కడే కూర్చొని డిజైన్ చేసే పిల్లగాడు కూడా సూక్ష్మ సంస్థే. (పేరు చూడండి, ఉద్యమ్! మన ఉద్యమానికీ దానికీ సంబంధం లేదు గాని, పనికొచ్చేదే.) రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా గూడ 45 రోజులు దాటకుండా పైసలియ్యాలె. లేకుంటే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇయ్యనోని మీద ఫిర్యాదుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నది. కాకపోతే పని ఒప్పుకునేముందే నమోదై ఉండాలె, తర్వాత చేసుకుంటే పాత బాకీకి వర్తించదు. మావోడు అక్కడనే దెబ్బతిన్నడు.

ఇవన్నీ చెప్పడానికి ఎంత సేపు పడుతది? వారానికి ఒక గంట చొప్పున ఒక్క సెమిస్టర్. ఒక చార్టర్డ్ అకౌంటెంటును, ఒక వకీలును, పదేండ్లు సొంతంగ పనిచేసి దెబ్బలు తిన్న ఒక సీనియర్ ఆర్టిస్టును పిలవాలె. తెలుగులో చెప్పాలె. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు సగం పాఠం ఇంగ్లీషులోనే ఎగిరిపోతున్నది, ఇక చట్టం కూడా ఇంగ్లీషులో చెప్తే చెప్పనట్టే. అంతేగాని, ప్రతి ఒక్కరినీ నువ్వు స్టార్టప్ పెట్టు, నువ్వే బ్రాండువు అని ఊదరగొట్టే సెమినార్లు నాకు నచ్చవు. సర్కారు తన పోస్టులు నింపకుండ తప్పించుకోవడానికి ఆ మాట మంచిగ పనికొస్తున్నది.

ఏఐ వచ్చింది గద సార్, ఇంక మా పనేంది అని పిల్లలు అడుగుతున్నరు. 2022 నుంచి మాట చెప్తే బొమ్మ గీసిపెట్టే మిషన్లు వచ్చినయి. ఫ్లెక్సీని చూసినోణ్ణి కాబట్టి ఏం కాదు అని నేను అబద్ధం చెప్పలేను. పుస్తకాల అట్టలు, పండుగ పోస్టర్లు అటు పోతున్నయి. తెలుగు అక్షరం సరిగ్గ వేస్తలేదు గద అని కొందరు ధైర్యం చెప్పుకుంటున్నరు. ఇవాళ తప్పు వేస్తది, రేపు సరిగ్గనే వేస్తది. నా ఆశ వేరే చోట ఉన్నది. ఇంగ్లీషుకు వేల ఫాంట్లున్నయి, మనకెన్ని? గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే ఒక తెలుగు ఫాంటుకు వందల రూపాలు గీయాలి, ఓపిక, కన్ను రెండూ కావాలె. ఉద్యమం రోజుల్లో మన పత్రికలన్నీ అవే నాలుగు డీటీపీ అక్షరాలతో అచ్చైనయి. గోడ మీద మా పిల్లలు రాసిన ఆ మనిషెత్తు అక్షరాల్లో ఒక్కటి కూడా ఇవాళ కంప్యూటర్లోకి రాలేదు. ఒక్కో ఊరి పెయింటరుది ఒక్కో రాత, అన్నీ వానకు కడిగిపోయినయి. ఆ రాతలను వెతికి ఫాంట్లుగా మలిచే పని ఒక యూనివర్సిటీ తలకెత్తుకుంటే, పది మంది పిల్లలకు అయిదేండ్లు చేతినిండా పని. ఆటో తోలుతున్న మా ఆర్టిస్టును గురువుగా కూసోబెట్టి జీతమిస్తే ఇంకా మంచిది.

ఫోన్ చేసిన పిల్లగాని సంగతి చెప్పి ముగిస్తా. వాణ్ణి ఇంటికి పిలిపించి, ఒక తెల్ల కాయితం మీద బిల్లు రాయించిన. పని పేరు, గోడ కొలత, రోజులు, రంగుల ఖర్చు, తారీఖు, సంతకం. రిజిస్టర్డ్ పోస్టులో పంపించిన్రు. తర్వాతి పనికి పనికొస్తదని ఉద్యమ్ నమోదు కూడ చేయించిన. పన్నెండు రోజులకు ఆ కాలేజీ అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోనొచ్చిందట, పాన్ కార్డు జిరాక్సు, రంగులు కొన్న రసీదులు పంపమని.

'పాన్ కార్డు ఉన్నది సార్' అన్నడు. 'రసీదులు మాత్రం తీసుకోలే.'